మా రోజుల్లో మొహానికో మొహం ఉండేది

ఫోటో మనిషిని పోలి ఉండాలి. ఇంతకు మించిన సిద్ధాంతం నాకేమీ లేదు. ఈ ముక్క అంటే ఇంట్లో నవ్వుతారు. "తాతయ్యా, నువ్వు కాస్త అప్‌డేట్ అవ్వాలి" అంటుంది మా మనవరాలు. అది పంపే ఫోటోల్లో దాని ముక్కు కనిపించి చాలాకాలమైంది. వాళ్ళ నానమ్మ ముక్కు దానిది, కోసుగా, కొసన చిన్న వంపుతో. ఫోన్లో చూస్తే ముక్కు ఉండాల్సిన చోట రెండు చుక్కలు, వాటి మీద ఓ మెరుపు గీత. కళ్ళు మాత్రం కణతల దాకా పాకాయి. "ఎంత క్యూట్‌గా ఉన్నానో చూడు" అంటుంది. ఎవరే ఈ పిల్ల అని అడిగితే మూతి ముడుచుకుంటుంది.

తెలిసీ తెలియక సణుగుతున్నాననుకోకండి. గోదావరి జిల్లాలో ఓ స్టూడియోలో నెగటివ్ టచింగ్ చేసి సంసారం ఈదినవాణ్ణి. మొహాలు దిద్దడమే నా కూడు. కాబట్టి మా కాలంలో అంతా నిజం, ఇప్పుడంతా బూటకం అనే పాట నేను పాడను. ఫోటో పుట్టిన కొద్దికాలానికే దిద్దుబాటూ పుట్టింది. 1855లో పారిస్ ప్రదర్శనలో ఫ్రాంజ్ హాన్‌ఫ్‌స్టెంగల్ అనే మ్యూనిక్ ఆసామి ఒకే మనిషి ఫోటోను దిద్దకముందు ఒకటీ, దిద్దాక ఒకటీ పెట్టి చూపించాడు. జనం ఏది కావాలన్నారో వేరే చెప్పాలా? దిద్దడం మీద నాకు పేచీ లేదు. ఎక్కడ ఆగాలో, ఎవరికి జవాబు చెప్పుకోవాలో తెలియకుండా దిద్దడం మీదే నా పేచీ అంతా.

మా బల్ల సంగతి ఇప్పటి కుర్రాళ్ళకు చెప్తే కథ అనుకుంటారు. వాలుగా నిలబెట్టిన చెక్క స్టాండు, మధ్యలో పాలగాజు, అడుగున అద్దం. కిటికీ వెలుతురు అద్దం మీద పడి, గాజులోంచి పైకొచ్చి నెగటివ్‌ని వెలిగిస్తుంది. ముందుగా నెగటివ్ మీద మీడియం అనే జిగట మందు ఓ చుక్క వేసి, మెత్తటి గుడ్డతో పల్చగా రుద్దాలి. అది లేకపోతే పెన్సిల్ పట్టదు. పెన్సిల్‌కి చెక్క బాగా వెనక్కి చెక్కేసి, బయటపడ్డ ములుకును గరుకు కాగితం మీద మొన తేలేదాకా సానబట్టాలి. ఇక నెగటివ్‌లో లోకం తారుమారు. నల్లటిది తెల్లగా, తెల్లటిది నల్లగా ఉంటుంది. కంటికింది గుంట అక్కడ పల్చగా, వెలుతురు పోతూ కనిపిస్తుంది. ఆ పల్చటి చోట కామాలు, చిన్న చిన్న సున్నాలు, మెలికలు పెట్టుకుంటూ పోతే ప్రింటులో గుంట పూడుతుంది. ఎక్కడైనా నలుపు కావాలంటే కత్తిమొనతో పైపొరను గీకాలి. ఓ గీత ఎక్కువ పడిందా, నెగటివ్ పోయినట్టే. కస్టమర్‌ని మళ్ళీ పిలిచి కూర్చోబెట్టాలి, ఆపైన ఓనరుగారి నోట్లో పడాలి.

ఒక్కో మొహం మీద అలా వంగి కూర్చుంటే ఆ మొహం మనకు తెలిసిపోతుంది. ఎడమకన్ను కుడికన్నంత ఉండదు. నవ్వితే ఒక బుగ్గకే సొట్ట పడుతుంది. సంతలో ఎవరో ఎదురైతే పేరు గుర్తుకు రాదుగానీ నొసటి గీతలు ఎన్నో, ఏ గీత మధ్యలో తెగిందో గుర్తుకొచ్చేది. మా గురువుగారికి ఉన్న సూత్రం ఒకటే. ప్రింటు చేతికిస్తే వాళ్ళమ్మ "మావాడే" అనాలి. ఆ తర్వాతే అందం గిందం.

ఆ సూత్రం నుంచే మిగతా లెక్కలన్నీ వచ్చాయి. మొటిమ వారంలో పోయేది, తీసెయ్. పుట్టుమచ్చ కాటిదాకా వచ్చేది, ముట్టుకోకు. ఇది ఉత్త పట్టింపు కాదండోయ్. పదో తరగతి సర్టిఫికెట్‌లో గుర్తింపు చిహ్నాలంటూ రెండు పుట్టుమచ్చలు రాసేవారు మన దగ్గర. కుడిచెంప మీద మచ్చ అని సర్టిఫికెట్ చెబుతుంటే, చెంప మీద ఈగ వాలిన జాడ కూడా లేని ఫోటో అంటిస్తే ఆఫీసులో గుమాస్తా ఊరుకుంటాడా? ఇప్పటి ఫోన్‌కి మచ్చా మొటిమా ఒకటే. చర్మం రంగులో తేడా కనిపిస్తే చాలు, తుడిచేస్తుంది.

స్ఫోటకం మచ్చల మొహాలు మా తరానికి బాగా తెలుసు. మన దేశంలో ఆ మహమ్మారి 1975తో పోయింది కాబట్టి ఇప్పటి పిల్లలు ఆ మొహాలు చూసి ఉండరు. మచ్చలన్నీ తీసేస్తే మనిషి మారిపోతాడు, వదిలేస్తే లైటు పడి గుంటలు ఉన్నదానికంటే లోతుగా కనిపిస్తాయి. లోతు తగ్గించాలి, మచ్చ ఉంచాలి. ఎంత తగ్గించాలన్నది చెయ్యి తిరిగినవాడికే తెలుస్తుంది. పల్లెల నుంచి వచ్చే పెద్దమ్మలకు గడ్డం మీద పచ్చబొట్టు ఉండేది. నా పక్క బల్ల కుర్రాడు ఓసారి హుషారెక్కి దాన్ని శుభ్రంగా పూడ్చేశాడు. ఆవిడ ఫోటో తీసుకుని వెనక్కీ ముందుకీ తిప్పి చూసి, "ఇది నేను కాదు నాయనా, నా డబ్బు నాకిచ్చెయ్" అని పట్టుబట్టింది. ఇచ్చాం. ఇవాళ అలా తుడిచేది యంత్రం. డబ్బు ఎవణ్ణి అడుగుతారు?

ఇంతకంటే కష్టమైన పని పోయినవాళ్ళ ఫోటో. పెద్దాయన బతికుండగా విడిగా ఫోటో దిగి ఉండడు. ఏ పెళ్ళి గ్రూపు ఫోటోలోనో వెనక వరసలో, బొటనవేలి గోరంత మొహం. దాన్ని కాపీ తీసి పెద్దది చేస్తే మసక తప్ప ఏమీ మిగలదు. ఆ మసక మీద ఆర్టిస్టు కుంచెతో కళ్ళు తెరిపించాలి, కనుబొమలు తేల్చాలి, చొక్కా లేకపోతే కోటు తొడగాలి. జన్మలో కోటు వేసుకోని రైతులు మా చేతుల్లో పడి కోటుతో గోడకెక్కారు. అది మార్చడం కాదా అంటారా? మార్చడమే. అయితే మొహం దగ్గరికొచ్చేసరికి ఆయన భార్యనో పెద్దకొడుకునో పిలిపించి పక్కన కూర్చోబెట్టుకునేవాళ్ళం. "మీసం ఇంకాస్త కిందికి దిగాలి బాబూ." "ఆ కన్ను అంత తెరుచుకోదు, కొంచెం మూసినట్టే ఉండేది." ఆవిడ చెబుతుంటే ఆర్టిస్టు చెరిపి మళ్ళీ వేసేవాడు. చూస్తూ చూస్తూ ఒకచోట ఆవిడ ఏడుపందుకుంటే బొమ్మ కుదిరిందని లెక్క. ఇప్పుడు పాత ఫోటోని కొత్తగా మార్చే యాప్‌లు వచ్చాయి. మసకలో లేని కన్నును అవి ఊహించి పెడతాయి. తాము నేర్చుకున్న లక్షల మొహాల్లో ఎక్కువగా కనిపించిన కన్ను ఏదో, దానికి దగ్గరది. ఆయన కన్ను ఆ లక్షల్లో ఎక్కడా లేదు కదా.

ఇక మా మనవరాలి క్యూట్ గొడవ, అదే ఈ ముద్దు. దీనికో శాస్త్రం ఉందని మా అల్లుడు చెప్పాడు. కొన్రాడ్ లోరెంజ్ అనే ఆస్ట్రియా శాస్త్రవేత్త 1943లో రాశాడట. పెద్ద తల, ఎత్తైన నుదురు, మొహంలో కాస్త కిందికి దిగిన పెద్ద కళ్ళు, బూరెబుగ్గలు, చిట్టి ముక్కు, చిట్టి గడ్డం, ఇవి కనిపిస్తే మనిషికి సాకాలనిపిస్తుందని. ఎత్తుకోవాలనిపించడానికి ప్రకృతి పెట్టిన ఏర్పాటు. బొమ్మల వ్యాపారులు దీన్ని ఏనాడో కనిపెట్టారు. అమెరికాలో స్టీఫెన్ జే గూల్డ్ అనే జీవశాస్త్రవేత్త 1979లో మిక్కీ మౌస్ మీద ఓ వ్యాసం రాస్తూ, యాభై ఏళ్ళలో ఆ ఎలుక తల, కళ్ళు, నుదురు ఎలా పెరుగుతూ వచ్చాయో కొలిచి మరీ చూపించాడు. 1928లో కొంటె వెధవగా పుట్టిన ఎలుక పోనుపోను పసివాడయ్యాడు. ఎలుక కాబట్టి సరిపోయింది. ఆ లెక్కనే పాతికేళ్ళ ఉద్యోగస్తురాలి మొహానికి, మీసాలొచ్చిన మగాడి మొహానికి వేస్తుంటే ఏమనాలి? 1995లో జపాన్‌లో అట్లస్, సెగా కంపెనీలు కలిసి స్టిక్కర్ ఫోటో యంత్రాలు తెచ్చాయి. ఆడపిల్లలు ఎగబడ్డారు, తర్వాత్తర్వాత ఆ యంత్రాలు కళ్ళు పెద్దవి చేయడం కూడా మొదలుపెట్టాయి. 2008లో చైనాలో మెయ్‌టు వచ్చింది. 2015లో స్నాప్‌చాట్ లెన్సులొచ్చాయి, కుక్క చెవులూ కుక్క ముక్కూ పెట్టుకుని మా వీధి పిల్లలంతా నాలుకలు చాచారు. కుక్క చెవులు మాత్రం నాకు నచ్చాయి. అది వేషమని చూసేవాడికి తెలుస్తుంది. ఆ చెవులతో పాటు చెప్పకుండా బుగ్గలు నున్నగా చేసి, దవడ సన్నం చేసి, కళ్ళు పెంచే పని ఒకటి లోపల జరుగుతుందే, అక్కడ మండుతుంది నాకు.

మన ఇళ్ళల్లో ముద్దుకి పద్ధతి వేరు. పసిపిల్ల మరీ ముద్దొస్తోందంటే అమ్మమ్మ కాటుక తీసి బుగ్గన దిష్టిచుక్క పెట్టేది. చుక్క చిన్నదైతే చాలదు, అరికాలికి ఇంకోటి. కోరి కోరి ఓ మచ్చ పెట్టి, అప్పుడు ఎత్తుకుని ముద్దాడేవారు. పెళ్ళికూతురికి బుగ్గన చుక్క ఇప్పటికీ పెడతారు కదా. ఈ మధ్య చుట్టాలింట్లో బారసాల ఫోటోలు పంపారు. పిల్ల బుగ్గన చుక్క లేదు. పెట్టలేదా అని అడిగితే, పెట్టాం తాతయ్యా, ఆల్బమ్ వాడు క్లీన్ చేశాడు అన్నారు. పసిపిల్లనే ఇంకా పసిగా చెయ్యాలా? కాకిపిల్ల కాకికి ముద్దు అన్నారు పెద్దలు. దాన్ని చిలకపిల్లగా మార్చి పంపిస్తే కాకి ఏం చెయ్యాలి?

తెలుపు సంగతి కూడా మాట్లాడుకోవాలి. "కొంచెం తెల్లగా వచ్చేలా చూడండి" అనే మాట వినని స్టూడియో తెలుగునాట లేదు. పెళ్ళిచూపులకు పంపే ఫోటో అయితే మరీను. చీకటిగదిలో ఎన్లార్జర్ కింద కాగితం మీద బొమ్మ పడుతున్నప్పుడు, సన్నటి తీగ చివర గుండ్రటి అట్టముక్క పెట్టి మొహం మీద కాసేపు ఆడిస్తే అక్కడ వెలుతురు తగ్గి మొహం తేటపడేది. చెయ్యి ఆగిందంటే మొహం చుట్టూ వలయం పడిపోయేది. అందుకని ఒకటీ అరా ఛాయ తప్ప ఎక్కువ మార్చడం కుదిరేది కాదు. ఫెయిర్ అండ్ లవ్లీ మన దేశంలోకి వచ్చింది 1975లో, పేరులోంచి ఆ ఫెయిర్ ఊడింది 2020లో. పేరు ఊడింది, కోరిక ఊడలేదు. 2017లో ఫేస్‌యాప్ అనే రష్యా యాప్‌లో అందంగా మార్చే మీట ఒకటి పెడితే, నల్లవాళ్ళు నొక్కినా తెల్లబడిపోయారు. గోల రేగితే, మేం నేర్పిన ఫోటోల్లోనే వంకర ఉందని ఆ కంపెనీవాళ్ళు ఒప్పుకుని క్షమాపణ చెప్పారు. అక్కడ గోల రేగింది. మన దగ్గర అదే పని రోజూ జరుగుతోంది, గోల మాట దేవుడెరుగు, "చాలా బాగా వచ్చింది" అని మెచ్చుకుంటున్నారు.

బొమ్మలు వేసేవాళ్ళు మనుషుల్ని ఉన్నదున్నట్టు వేశారా అని అడగొచ్చు. వెయ్యలేదు. బాపు గారి అమ్మాయి కళ్ళు, ఆ జడ ఎవరికున్నాయి? వడ్డాది పాపయ్య గారి యువ పత్రిక ముఖచిత్రాల్లో ఆ ఆడవాళ్ళ రంగు, ఆ నడుం ఏ ఊళ్ళో ఉన్నాయి? అవి వాళ్ళ ఊహలు, కింద సంతకంతో వచ్చాయి. ఇది నువ్వే అని ఏ బాపూ చెప్పలేదు. బాపు బొమ్మలా ఉంది అని పిల్లను మెచ్చుకున్నాం గానీ పిల్ల ఫోటో చించేసి బాపు బొమ్మ అంటించలేదు. ఇంకో మంచి మాట కూడా చెప్తాను, ముసలాడు అన్నీ తిడతాడని అనుకోకుండా. 1957 నాటి మాయాబజార్‌కి రంగులు వేసి 2010లో విడుదల చేశారు. కంప్యూటర్లతోనే చేశారు. తిడదామనే వెళ్ళాను. రంగులు వేశారుగానీ సావిత్రి బుగ్గ జోలికి పోలేదు, ఎస్వీ రంగారావు గారి మొహం తరగలేదు. ఆ మొహాలే ఉన్నాయి. చప్పట్లు కొట్టి వచ్చాను.

2025 మార్చి చివర్లో ఓ తుఫాను వచ్చింది మీకు గుర్తుండే ఉంటుంది. చాట్‌జీపీటీలో ఫోటో పెడితే జపాన్ జిబ్లీ స్టూడియో బొమ్మలా మార్చి ఇస్తోందని లోకమంతా పూనకం వచ్చినట్టు ఊగింది. మా కుటుంబం వాట్సాప్ గ్రూపులో రెండు రోజులు మనుషులే లేరు, అందరూ బొమ్మలే. మా బావమరిది బట్టతల మీద జుట్టు మొలిచింది. మా చెల్లెలి ముక్కుపుడక మాయమైంది. నా పంచె ప్యాంటైంది. మొహాలన్నీ ఇడ్లీరేకులోంచి తీసినవే, ఎవరు ఎవరో చీరల రంగుని బట్టి పోల్చుకోవాల్సి వచ్చింది. అసలు జిబ్లీ వాళ్ళు ఎలా పనిచేస్తారో తెలుసునా? ద విండ్ రైజెస్ అనే సినిమాలో జనం గుంపుగా కదిలే 4 సెకన్ల ముక్క కోసం ఒక్క చిత్రకారుడు ఏడాది మూడు నెలలు కూర్చున్నాడు. ఆ గుంపులో ప్రతి మనిషికీ వేరే నడక ఉంటుంది. అది చదివినప్పుడు ఆ జపాన్ మనిషి నాకు తోటి పనివాడనిపించాడు. ఆయన ఏడాది పైచిలుకు కూర్చుని గుంపులో ఒక్కొక్కణ్ణి వేరు చేస్తే, ఆ స్టూడియో పేరు చెప్పి ఇక్కడ ఒక్కొక్కళ్ళనీ గుంపులో కలిపేశారు.

అన్నిటికంటే నన్ను గుచ్చింది మా పెద్దక్క ఫ్లెక్సీ. ఎనభై దాటి పోయింది. మొహమంతా ముడతలు, ఆ ముడతల్లోనే ఆమె నవ్వు ఉండేది. నవ్వితే కళ్ళు పూర్తిగా మూసుకుపోయి గీతలైపోయేవి. పెదకర్మ నాటికి ఇంటి ముందు శ్రద్ధాంజలి ఫ్లెక్సీ కట్టారు. ఒక్క ముడత లేదు. బుగ్గలు నున్నగా, గులాబీ రంగు. కళ్ళు ఇంతింత తెరుచుకుని ఉన్నాయి. పక్క ఊరి నుంచి వచ్చిన ఆమె ఈడు ముసలావిడ ఫ్లెక్సీ ముందు నిలబడి, "ఎవరమ్మా పోయింది, చిన్న వయసులా ఉందే" అని అడిగింది. ఫ్లెక్సీ షాపు కుర్రాణ్ణి తర్వాత అడిగాను, ఎందుకు నాయనా అలా చేశావని. "నేనేం చెయ్యలేదండి, సాఫ్ట్‌వేర్‌లో వేస్తే అదే అలా వచ్చేస్తుంది" అన్నాడు. వాడి మాట అబద్ధం కాదు. మా రోజుల్లో తప్పు జరిగితే ఎవడు చేశాడో తెలిసేది. పచ్చబొట్టు ఆవిడ వచ్చి నిలదీయడానికి ఓ మనిషి, ఓ బల్ల ఉండేవి. ఇప్పుడు అదే అలా వచ్చేస్తుంది.

చట్టాలు లేకపోలేదు. ఫ్రాన్స్ 2017 నుంచి, నార్వే 2022 నుంచి ప్రకటనల్లో మోడల్ ఒళ్ళు దిద్దితే దిద్దామని రాయాలన్నాయి. 2020లో గూగుల్ తన పిక్సెల్ ఫోన్లలో మొహం నున్నగా చేసే మీటను ముందే ఆన్ చేసి ఉంచడం మానేసి, కావాలంటే మీరే పెట్టుకోండి అంది. నాకు నచ్చిన నిర్ణయం ఇదొక్కటే. మొహం ఎవరిదో, మీట వాళ్ళ చేతిలో ఉండాలి.

పిల్లలు ఆడుకోవద్దని నేననను. కుక్క చెవులు పెట్టుకోండి, పిల్లి మీసాలు పెట్టుకోండి. ఒక్క పని మాత్రం చేసిపెట్టండి. చాలా ఫోన్ కెమెరాల్లో బ్యూటీ అని ఓ మీట ఉంటుంది, పక్కన అంకె ఉంటుంది. కొన్నింటిలో అది ముందే పైకి పెట్టి ఉంటుంది, ఎవరూ చూసుకోరు. దాన్ని సున్నాకి దించి, పెద్దవాళ్ళను గుమ్మం దగ్గర నీడలో, పక్కనుంచి వెలుతురు పడేలా కూర్చోబెట్టి ఒక ఫోటో తీయండి. నవ్వమని బలవంతం చెయ్యకండి. ముడత, మచ్చ, పచ్చబొట్టు, ముక్కుపుడక, ఊడిన పన్ను అన్నీ ఉండనివ్వండి. కాగితం మీద ప్రింటు వేయించి, వెనకాల పెన్సిల్‌తో పేరు, ఊరు, తేదీ రాయండి. ల్యాబ్‌లో ఇచ్చేటప్పుడు "టచింగ్ వద్దు" అని గట్టిగా చెప్పండి, లేకపోతే అదే అలా వచ్చేస్తుంది. క్యూట్‌గా చేసిన కాపీలు ఎన్నైనా దాచుకోండి, అసలు ఫైలు మాత్రం చెరపకండి.